జంట కృష్ణబిలాలను చుట్టూ ఉన్న వాయువు కలుపుతుందా, విడదీస్తుందా?

ఆకాశదర్శి: రెండు గెలాక్సీలు కలిశాక వాటి నడిబొడ్డునున్న కృష్ణబిలాలు సుమారు ఒక పార్సెక్ (దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు) దూరంలో ఆగిపోతాయనీ, అక్కణ్ణుంచి వాయువే దగ్గరికి చేరుస్తుందనీ చదివాను. ఇప్పుడేమో అదే వాయువు దూరం చేస్తుందంటున్నారు. ఏది నమ్మాలి?

ధూళిమేఘం: ఇందులో సందేహమెందుకు? వాయువులో కదిలే వస్తువు వెనక సాంద్రత పెరుగుతుంది, దాని ఆకర్షణ వెనక్కి లాగుతుంది. నక్షత్రాల మధ్య ఈ లాగుడు సంగతి చంద్రశేఖర్ 1943లోనే చెప్పారు. వాయువుకు ఆస్ట్రైకర్ 1999లో లెక్కగట్టారు. కక్ష్య కుంచించుకుపోతుంది, అంతే.

కక్ష్యారాణి: అంతే కాదండీ. మీరు చెప్పింది వాయువులో మునిగిన ఒంటరి వస్తువు గురించి. చుట్టూ తిరిగే వాయువు పళ్లెం, అంటే డిస్క్ మధ్యలో ఉన్న జంట తమ మధ్య దూరానికి దాదాపు రెండింతల మేర ఖాళీ చేసుకుంటుంది. ఆ అంచు నుంచి పాయలుగా జారిన వాయువు ఒక్కో బిలం చుట్టూ చిన్న డిస్క్‌గా చేరుతుంది. బయటి డిస్క్ జంట కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరుగుడులోని ద్రవ్యవేగాన్ని) లాక్కుంటుంది, లోపలికొచ్చే వాయువు ఇస్తుంది. సమాన ద్రవ్యరాశుల జంటకు ఇచ్చేదే ఎక్కువని, కక్ష్య పెరుగుతుందని మునోజ్, మిరాండా, లై 2019లో చూపారు.

ధూళిమేఘం: ద్రవ్యరాశి పెరిగితే కక్ష్య చిన్నదవ్వాలి. ముందు దీనికి జవాబివ్వండి.

కక్ష్యారాణి: వాయువు కోణీయ ద్రవ్యవేగం తేకపోతే మీ మాట నిజమే. తెస్తుంది కదా! వృత్తకక్ష్యలో సమాన జంటకు, మింగిన ద్రవ్యరాశిలో యూనిట్‌కు అందే కోణీయ ద్రవ్యవేగం, కక్ష్యా కోణీయ వేగాన్ని దూరం వర్గంతో గుణించినదానిలో 3/8 వంతు దాటితే కక్ష్య పెరుగుతుంది. వాళ్లకు వచ్చింది సుమారు 0.7, అంటే 3/8 కంటే ఎక్కువే.

రాత్రిపిట్ట: కంప్యూటర్‌లో వచ్చిందల్లా ఆకాశంలో జరగాలనేముంది?

ధూళిమేఘం: సరిగ్గా అడిగారు. సరిగ్గా ఇలాంటి ఫలితాన్నే చూపించి ఒక సమీక్షకుడు నా వ్యాసం తిప్పిపంపాడు. నేను రాసింది పలచటి డిస్క్ గురించి, ఆయన చూపింది మందపాటి డిస్క్ లెక్క. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కక్ష్యారాణి: మీ వ్యాసం తిప్పిపంపారని టార్క్ (కోణీయ ద్రవ్యవేగాన్ని మార్చే మెలితిప్పు) గుర్తు, అంటే ప్లస్సో మైనస్సో, మారదు.

ధూళిమేఘం: మారుతుంది! డిస్క్ మందాన్ని బట్టే మారుతుంది. మీరు చెప్పిన లెక్కలో మందానికీ వ్యాసార్ధానికీ నిష్పత్తి 0.1. అది 0.04 కంటే తగ్గితే కక్ష్య కుంచించుకుపోతుందని టీడే బృందం 2020లో చూపింది. క్వేజార్ల (వాయువును మింగుతూ వెలిగే భారీ బిలాల) డిస్కులు అంతకంటే పలచన. ఇంతసేపూ ఆ ముక్క మీ నోట రాలేదేం?

కక్ష్యారాణి: మీ నోట మాత్రం వచ్చిందా? "కక్ష్య కుంచించుకుపోతుంది, అంతే" అన్నారు. పలచటి డిస్క్‌ను లెక్కించడం కష్టం కాబట్టి చాలా ఫలితాలు మందపాటివే, ఒప్పుకుంటాను. అయితే డిస్క్ ఉష్ణం, స్నిగ్ధత (వాయువు పొరల మధ్య రాపిడి), ద్రవ్యరాశుల నిష్పత్తి, డిస్క్ తిరిగే దిశ చెప్పకుండా "వాయువు దగ్గర చేస్తుంది" అనడం కూడా తప్పే. నా గొడవంతా ఆ ఒక్క మాటతోనే.

ఆకాశదర్శి: 2023లో పల్సార్లను (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాలను) గమనించే బృందాలు నానోహెర్ట్జ్ గురుత్వాకర్షణ తరంగాలకు ఆధారాలు చూపాయి కదా. అంటే బిలాలు దగ్గరవుతున్నట్టేనా?

కక్ష్యారాణి: ఆ తరంగాలు వాటివే అయితే అవునండీ. కానీ దగ్గర చేసింది నక్షత్రాలా, వాయువా అన్నది అందులో తేలదు.

ధూళిమేఘం: తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఆ తరంగాల వర్ణపటం (ఏ పౌనఃపున్యంలో ఎంత బలమో చూపే గీత) వంగితే తేలుతుంది.

కక్ష్యారాణి: కక్ష్య దీర్ఘవృత్తమైనా వంగుతుంది. వాయువే ఆ దీర్ఘవృత్తాన్ని పెంచగలదు కూడా. ఆ రెండింటినీ ఎలా వేరు చేస్తారో రాయండి, అప్పుడు ఒప్పుకుంటాను.