‘హక్కుల విజ్ఞప్తి’ అనవచ్చా? 1628 నాటి ఒక పేరు మీద చర్చ

సభ్యులకు నమస్కారం. ఇంగ్లండు చరిత్ర పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. 1628లో పార్లమెంటు మొదటి చార్లెస్ చేత ఒప్పించుకున్న ‘పెటిషన్ ఆఫ్ రైట్’ దగ్గర కలం ఆగిపోయింది. ‘హక్కుల విజ్ఞప్తి’ అని రాసి చూశాను. రాజుగారి దయ కోసం చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంది. హక్కే అయితే విజ్ఞప్తి ఎందుకు? ‘హక్కుల బిల్లు’ అంటే 1689 నాటి వేరే చట్టం అనుకుంటారు. ఏం చేయమంటారు?

—

మీకు అడ్డం పడ్డది మాటల చిక్కు మాత్రమే కాదు. 1603లో చార్లెస్ తండ్రి జేమ్స్ గద్దెనెక్కింది మొదలు రాజుకూ పార్లమెంటుకూ నడిచిన ఆ పాతికేళ్ల తగువూ దాని చుట్టూనే తిరిగింది.

ముందు వచనం చూడండి. మూలంలో ‘రైట్’ ఏకవచనం; ‘హక్కుల’ అని బహువచనం చేసింది మనమే. జూన్ 2న చార్లెస్ ఇచ్చిన మొదటి జవాబు గోడ మీద పిల్లివాటంగా ఉంది, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ ఒప్పుకోలేదు. జూన్ 7న పాత ఫ్రెంచి వాక్యంలో ‘కోరిన విధంగా న్యాయం జరుగుగాక’ అనిపించాకే లండన్‌లో గంటలు మోగాయి. ఆ వాక్యంలోని ‘ద్రువా’ అనే మాటకు హక్కు, న్యాయం, చట్టం అని మూడు అర్థాలూ ఉన్నాయి. ‘రైట్’ ఇక్కడ ఆ ‘ద్రువా’యే.

అప్పట్లో రాజు మీద మామూలు దావా చెల్లేది కాదు. ఆయన వల్ల నష్టపోయినవాడు న్యాయంగా తనకు రావలసినది అడగడానికి ఈ పేరుతోనే ఒక అర్జీ పద్ధతి ముందునుంచీ ఉండేది. కొత్త మాటలు చేర్చిన బిల్లుకు చార్లెస్ ఒప్పుకోడని తేలాక కామన్స్ సభ్యుడు, న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ ఈ దారి చూపాడు. పార్లమెంటు సమ్మతి లేని పన్ను, కారణం చూపని ఖైదు, ఇళ్లలో సైనికుల బస, శాంతికాలంలో సైనిక చట్టం కూడదన్నారు. ఇవన్నీ ఉన్న చట్టమే, కొత్తగా అడగడం లేదన్నది వాళ్ల పట్టు. అంతకు ముందే, రాజుకు బలవంతపు అప్పు ఇచ్చేది లేదన్న అయిదుగురు నైట్లను ‘రాజాజ్ఞ’ అన్న ఒక్క కారణంతో లోపల వేసి ఉన్నారు మరి.

నన్నడిగితే మన రెవెన్యూ మాటల్లో ఈ తగువు ఇట్టే తెలుస్తుంది: ఇనామా, మిరాసీయా? ఇనాం ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు. మిరాసీ వంశం వెంట వచ్చేది. 1621లో, రాకుమారుడికి స్పెయిన్ సంబంధం వద్దని సభ నోరు విప్పినప్పుడు, మీ స్వేచ్ఛలు మా పూర్వీకుల అనుగ్రహం అన్నాడు జేమ్స్. అంటే ఇనాం. కాదు, ఇవి ఇంగ్లండు ప్రజల ప్రాచీన, నిస్సందేహమైన జన్మహక్కు, వారసత్వం అని డిసెంబరు 18న సభ చిట్టాలో రాయించుకుంది. అంటే మిరాసీ. జేమ్స్ ఆ చిట్టా తెప్పించి ఆ పుట తన చేత్తోనే చింపేశాడు.

—

పోలిక బాగుంది గానీ ఒక పేచీ. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులను ఒక్క ఆర్డినెన్సుతో ఎత్తేశారు. తరాల మిరాసీ తెల్లారేసరికి పోయింది. జేమ్స్‌కు ఈ సంగతి తెలిసి ఉంటే మీ వాదన ఆయనకే పనికొచ్చేది!

—

ఒప్పుకున్నాను, ఆ దెబ్బ తగిలింది. అయితే ఆర్డినెన్సు తెచ్చినది ప్రజలెన్నుకున్న ప్రభుత్వం, చింపినది ఒంటరి రాజు. ఇంకో మాట. మా హక్కులతో పాటు రాజు ‘సార్వభౌమాధికారాన్ని’ కూడా కాపాడుతున్నాం అని ఒక వాక్యం చేరుద్దామని ప్రభువుల సభ అడిగింది. రాజు విశేషాధికారం చట్టంలో భాగమే, కానీ ఈ ‘సార్వభౌమ’ పదం పార్లమెంటు మాట కాదు, మాగ్నా కార్టా (1215లో రాజు చేత ఒప్పించిన హక్కుల పత్రం) తనపై సార్వభౌముణ్ణి ఒప్పుకునే రకం కాదు అని కోక్ ఎదురు చెప్పాడు. ఒక్క విశేషణం చేరితే పత్రమంతా ఇనాం అయిపోతుందని ఆ ముసలి న్యాయవాదికి తెలుసు.

—

అందరికీ కృతజ్ఞతలు. ‘హక్కు అర్జీ’ అని రాస్తున్నాను. ఏకవచనం నిలుస్తుంది, ‘విజ్ఞప్తి’లోని వినయం కాస్త తగ్గుతుంది. రెండూ అరబ్బీ నుంచి వచ్చి మన కచేరీల్లో స్థిరపడిన మాటలే కాబట్టి జంట కూడా కుదిరింది. పరీక్షలు రాసేవారి కోసం ‘పెటిషన్ ఆఫ్ రైట్’ పక్కన ఉంచుతాను.

రాసుకుంటూ పోతే ఒకటి తోచింది. శాసనసభలో ‘ప్రివిలేజ్’ నోటీసు ఇచ్చారంటే మన పత్రికలు ‘సభాహక్కుల ఉల్లంఘన’ అని రాస్తాయి. అనుగ్రహం అని జేమ్స్ అన్న దాన్నే మనవాళ్లు ఎప్పుడో హక్కు చేసేశారు, ఏ చర్చా లేకుండానే.