చేనేత సంఘం హోమ్ పేజీ: తిరిగే బ్యానర్ ఉంచాలా, తీసేయాలా?

వెబ్‌శ్రీధర్:
అందరికీ నమస్కారం. పోచంపల్లి వైపు ఒక చేనేత సహకార సంఘానికి వెబ్‌సైట్ మళ్లీ కడుతున్నాను. పాత హోమ్ పేజీ తెరవగానే అయిదు ఫొటోలు మూడేసి సెకన్లకు మారుతుంటాయి. మొదటిది అధ్యక్షుల వారిది, రెండోది రిబ్బన్ కత్తిరింపు, మూడోది షోరూము. 9 సెకన్లు ఆగితే గానీ చీర కనబడదు. ఫోన్‌లో చూసేవాళ్లు అంతసేపు ఆగుతారా? పేజీలోని పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు వచ్చేయాలని గూగుల్ కొలత. ఇక్కడ కెమెరాలో తీసిన ఫొటోలను తీసినట్టే ఎక్కించేశారు. పైగా దానంతటదే కదిలేది 5 సెకన్లు దాటితే ఆపుకునే వీలు ఇవ్వాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి, అదీ లేదు. నేను పెడదామన్నది ఒక చీర, ఒక వాక్యం, ఒక బటన్. కమిటీ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

రాత్రిబస్సు:
తీసేయండి. నేను వేలు పెట్టేలోగా బొమ్మ మారిపోయి ఇంకేదో పేజీకి వెళ్లిపోతుంటాను.

సంఘం_సభ్యుడు:
శ్రీధర్ గారూ, కమిటీ మాట కూడా వినాలి కదా. ఇక్కత్ డిజైను అచ్చేసిన మిల్లు గుడ్డను చేనేత అని చెప్పి అమ్మేవాళ్లు బజారు నిండా ఉన్నారు. ఒకసారి మోసపోయినవాళ్లు మళ్లీ ఆన్‌లైన్‌లో కొనాలంటే అమ్మేది ఎవరో తెలియాలి. అధ్యక్షుల ఫొటో గొప్ప కోసం పెట్టింది కాదు. రేపు చీర బాగాలేకపోతే అడగడానికి ఫలానా మనిషి ఉన్నాడని చెప్పడం అది. సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, హ్యాండ్‌లూమ్ మార్క్ (నిజమైన చేనేత అని తెలిపే ప్రభుత్వ గుర్తు), ఫోన్ నంబరు కూడా పైనే ఉండాలంటాను.

ఆసుపిల్ల:
నమ్మకం కావాల్నంటే అధ్యక్షున్ని కాదు సారూ, చీరను తిప్పి చూపెట్టుండ్రి. మన దగ్గర నేసినంక రంగు వెయ్యరు. దారాన్నే చిటికి కట్టి, అంటే అక్కడక్కడ రంగు అంటకుండ బిగించి కట్టి, రంగుల ముంచుతరు, తర్వాత నేస్తరు. అందుకే చీర ఈ పక్క చూసినా ఆ పక్క చూసినా ఒక్కతీరే ఉంటది. అచ్చేసిన గుడ్డ వెనుక వెలిసినట్టు కనబడ్తది. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఒక్క ముక్క రాయుండ్రి. కొననీకి వచ్చినోళ్లకు అంతకన్న సాక్ష్యం ఏముంటది?

వెబ్‌శ్రీధర్:
మంచి ఆలోచన. కానీ అది చీర వివరాల పేజీలో ఉండాల్సింది. హోమ్ పేజీ వాకిలి లాంటిది, లోపలికి రండి అనాలి. వాకిట్లోనే పాఠం చెబితే మనిషి వెనక్కి తిరుగుతాడు. నేను రాసిన వాక్యం ఇది: “మా నేతన్నల చేతి నుంచి నేరుగా మీ ఇంటికి.” అంతే చాలు.

బడిపలక:
బాబూ శ్రీధర్, నువ్వు పంపిన నమూనా చూశాను. “పట్టు ఇక్కత్ చీరలు” అన్న శీర్షికలో వత్తులు తెగిపోయి నా ఫోన్‌లో “పటు ఇకత్ చీరలు” అని కనబడుతోంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తు తెలుగుకు చాలదు. మనకు పైన గుడులుంటాయి, కింద వత్తులుంటాయి. పేరే తప్పుగా కనబడే దుకాణంలోకి ఎవరొస్తారు?

వెబ్‌శ్రీధర్:
మాస్టారూ, వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లు ఉంది, 1.6 రెట్లు చేశాను. రామభద్ర ఫాంట్ వాడాను, శీర్షికకు బాగుంటుంది. ఇప్పుడు చూడండి.

బడిపలక:
క వత్తు వచ్చింది. ట వత్తు అడుగు ఇంకా తెగుతోంది. ఆ పెట్టెకు ఎత్తు బిగించి ఉంటావు, అది వదిలెయ్యి. పాత సైటులోలాగా అక్షరాల్ని బొమ్మగా మాత్రం చెయ్యకు. బొమ్మలోని తెలుగు వెతికితే దొరకదు, చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు.

వెబ్‌శ్రీధర్:
ఆ పొరపాటు చేయను మాస్టారూ. పదేళ్లుగా ఇదే పని. కిందటేడు ఒక దుకాణం వాళ్లు నా చేత హోమ్ పేజీ ఏడుసార్లు మార్పించి, చివరికి పాత బ్యానరే పెట్టుకుని సగం డబ్బు ఎగ్గొట్టారు. కమిటీలు డిజైన్‌లో వేలు పెడితే ఇలాగే అవుతుంది.

సంఘం_సభ్యుడు:
ఆ దుకాణం కోపం మా మీద చూపించకండి. మేము మీకు అడ్వాన్సు ఇచ్చే పిలిచాం.

ఆసుపిల్ల:
ఒకరికి వత్తు తెగింది, ఒకరికి బిల్లు రాలేదు. నాకేం తెగిందో చెప్తా. మా అమ్మ ఆసు పోస్తున్న ఫొటో, అంటే చిటికి కట్టేముందు దారాన్ని చేత్తోని మేకుల చుట్టూ తిప్పుతున్నది, ఒక దుకాణపోళ్ల హోమ్ పేజీ మీద రెండేండ్లు ఉన్నది. అడగలేదు, పేరు రాయలేదు. కింద “తరతరాల సంప్రదాయం” అని రాసిన్రు. ఒక చీరకు ఆసు పొయ్యాల్నంటే చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలె. మా అమ్మ భుజం ఇప్పుడు పైకి లేవదు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ నొప్పి చూడలేకనే ఆసు యంత్రం చేసి, వాళ్లమ్మ లక్ష్మి పేరే దానికి పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి గూడ అమ్మ పేరున్నది. మీ హోమ్ పేజీల మా అమ్మలకు లేదు. శ్రీధర్ అన్నా, “నేరుగా మీ ఇంటికి” అని రాసినవు. నేరుగా వస్తే చీర ధరల నేసినోళ్లకు ఎంత ముట్టిందో ఆ బటన్ పక్కనే రాయి.

సంఘం_సభ్యుడు:
అమ్మా, కూలీ లెక్క హోమ్ పేజీలో పెడితే సంఘం మూసుకోవాలి. నూలు, రంగులు, షోరూము అద్దె, అమ్ముడుపోని సరుకు, ఇవన్నీ కొనేవాళ్లకు ఎవరు చెబుతారు? మిగతాదంతా మేం తింటున్నామనుకుంటారు.

ఆసుపిల్ల:
ఆ ఖర్చులు గూడ రాయుండ్రి. దాచమని నేనన్నానా? బ్యానర్ తిరుగుడు మీద కాదు సారూ కొట్లాట, ఇది.

రాత్రిబస్సు:
నేను చీరలు కొంటుంటాను. ఆ లెక్క ఉంటే తప్పకుండా చదువుతాను.

వెబ్‌శ్రీధర్:
ఆసుపిల్ల గారూ, ఆ వాక్యం నిజమో కాదో ఎవరినీ అడగకుండా రాశాను. తీసేశాను. చీర రెండు వైపుల ఫొటోలూ పైకి తెచ్చాను, పేజీ బరువెక్కకుండా చిన్నవి చేసి పెట్టాను. అధ్యక్షుల ఫొటో, రిజిస్ట్రేషన్ నంబరు దిగువన, ఫోన్ నంబరు పైన ఉంటాయి. వాక్యం చోటు ఖాళీగా ఉంది. ఆ చీర నేసినవారి పేరు సంఘం ఇస్తే అక్కడ అదే రాస్తాను.

సంఘం_సభ్యుడు:
పేరు ఇస్తాం, దానికి అభ్యంతరం లేదు. కూలీ సంగతి సర్వసభ్య సమావేశంలో పెడతాను. ఒప్పుకుంటారని ఇప్పుడు మాటివ్వలేను.

ఆసుపిల్ల:
సమావేశానికి మా నాయన వస్తడు, అడుగుతడు. పేరు రాసేటప్పుడు నేసినోళ్లది ఒక్కటే రాయకుండ్రి, ఆసు పోసినామెది గూడ రాయుండ్రి. ఆ చీర ఇద్దరిది.

బడిపలక:
రెండు పేర్లూ రాశాక నాకు పంపు బాబూ. వత్తులు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తాను.