మియావోల మైనం గీత సన్నగా రావాలంటే?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ): మా అమ్మాయి పెళ్ళికి నూలు చున్నీల మీద అద్దకం నేనే వేస్తున్నానండి. చైనాలో గుయిజౌ రాష్ట్రపు మియావో తెగ ఆడవాళ్ళు నీలం మీద తెల్లగా తేల్చే సీతాకోకచిలుకలంటే నాకు ప్రాణం. గీతకు రంగు అంటకుండా కుంచెతో మైనం పెడితే అది పాకిపోతోంది. వాళ్ళెలా గీస్తారు?

జవాబు: అక్కా, వాళ్ళది కుంచె కాదు, చిన్న పిడికి రాగి రేకులు పొరలుగా కట్టిన కత్తి. కరిగిన తేనెమైనం రేకుల సందులో నిలిచి సన్నగా దిగుతుంది. మైనం మరీ వేడెక్కితే పాకుతుంది, చల్లారితే బట్టలోకి దిగదు. నీలిమందు తొట్టిలోంచి తీయగానే బట్ట పచ్చగా ఉంటుంది, గాలి తగిలాకే నీలం తిరుగుతుంది. ఆ క్షణం ఎంత బాగుంటుందో! చాలాసార్లు ముంచి, చివర్న మరిగే నీళ్ళలో మైనం వదిలిస్తారు.

జవాబు: మాది పెడన. ముందు బట్టకున్న గంజి పూర్తిగా వదలగొట్టండమ్మా.

ప్రశ్న అడిగినవారు: వన్‌టౌన్‌లో రాగి రేకు దొరికింది. ఆదివారం కత్తి కడతాను.