సంక్రాంతి మాటలు ఆటల్లో నేర్పడానికి ఐడియాలు చెప్పండి ప్లీజ్

నమస్తే అండీ, నేను న్యూజెర్సీలో ఆదివారం పూట చిన్నపిల్లలకి తెలుగు చెప్తాను, 6 నుంచి 8 ఏళ్ళ వాళ్ళు 11 మంది, ఉండేది గంట టైమే. పండక్కి ముందు రెండు క్లాసుల్లో భోగిమంట, ముగ్గు, గొబ్బెమ్మ, హరిదాసు, గంగిరెద్దు, అరిసెలు, కనుమ ఇలా ఓ పదిహేను మాటలు వాళ్ళ నోటికి రావాలని నా ఆశ.

పోయినేడాది అంకెల బదులు బొమ్మలు పెట్టి తంబోలా ఆడించా, ఆట బానే నడిచింది కానీ బొమ్మ చూసి కొట్టేసుకోవడమే తప్ప మాట ఒక్కరూ పలకలేదు, ఇంటికెళ్ళాక ఏదీ గుర్తులేదట. గొబ్బెమ్మని ఆవు పేడతో చేస్తారని చెప్పానా, ఇంక పదినిమిషాలు క్లాసంతా ఛీ యాక్ అని నవ్వులే (ఆ ఒక్క మాటే ఇప్పటికీ అందరికీ గుర్తుంది!). తల మీద పాత్ర, చేతిలో చిడతలతో హరిదాసు బొమ్మ చూపిస్తే ఒకడు "శాంటానా?" అన్నాడు, ఈయన ఇవ్వడు నాన్నా మనమే బియ్యం వెయ్యాలి అంటే వాడి మొహం చూడాలి.

ఈసారి నేల మీద చాక్‌పీస్‌తో చుక్కలు పెట్టి ఒక్కో చుక్క దగ్గర ఒక బొమ్మ కార్డు ఉంచి, మాట గట్టిగా పలికితేనే తర్వాతి చుక్కకి గీత కలపనిద్దామనుకుంటున్నా. అందరూ ఒకేసారి ఎగబడితే ఎలా, రెండు జట్లు చెయ్యనా? చదవడం రానివాళ్ళు కూడా ఆడగలిగేవి, భోగిపళ్ళు పోసినట్టు కాయితం ఉండలతో ఏమైనా, మీరెవరైనా ఆడించుంటే ఎలా చేశారో కాస్త వివరంగా చెప్తారా?