పాట లేని బైక్ వీడియోలు చూసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఘాట్ రోడ్ గురించి ఒక సందేహం కూడా

కోట_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది శృంగవరపుకోట, ఉద్యోగం హైదరాబాద్‌లో. షిఫ్ట్ అయి రూమ్‌కి వచ్చేసరికి తెల్లవారుజామున మూడవుతుంది. అన్నం తింటూ బైక్ వీడియో ఒకటి పెట్టుకుంటాను. రెండేళ్లుగా ఇదే అలవాటు.

అన్నీ నచ్చవు. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, వెనకాల హోరెత్తే పాట ఉంటే రెండు నిమిషాల్లో ఆపేస్తాను. హెల్మెట్ గడ్డం దగ్గర పెట్టిన కెమెరా, ఎదురుగా హ్యాండిల్, రెండు చేతులు, ముందు రోడ్డు. ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మలుపుకి ముందు గేరు తగ్గిస్తే ఆ చప్పుడు ఒక్కసారి ఎగుస్తుంది, మలుపులో కుదురుకుంటుంది, బయటపడేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. అది వింటుంటే కూర్చున్నచోటే నా ఎడం కాలు కదులుతుంది.

మొన్న అరకు రోడ్డు వీడియో ఒకటి చూశాను. ఘాట్‌లో టైడ ఊరు దాటాక, వాన వెలిసిన పొద్దు. ఒక మలుపు ముందు బండి నడిపే ఆయన ఎడమచేతి వేళ్లు రెండు క్లచ్ మీదికి వచ్చాయి. నొక్కలేదు. మళ్లీ గ్రిప్ మీదికి వెళ్లిపోయాయి. గేరు తగ్గిద్దామనుకుని, అక్కర్లేదనుకున్నాడన్నమాట. మనిషి ముఖం కూడా కనిపించదు, కానీ ఆ ఆలోచన వేళ్లలో కనిపించింది. ఆ ముక్క పదిసార్లు వెనక్కి తిప్పి చూసుంటాను.

ఆ రోడ్డు మీద చిన్నప్పుడు నాన్న బుల్లెట్ ట్యాంకు మీద కూర్చుని వెళ్లాను. పాత బుల్లెట్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడంకాలికి. బండి తీసే ముందు నన్ను పక్కన నిలబెట్టి, హెడ్‌లైట్ మీదున్న ఆంపియర్ మీటర్ (కరెంటు చూపే ముల్లు) చూడమనేవారు. డీకంప్రెసర్ (ఇంజన్‌లో ఒత్తిడి వదిలే చిన్న మీట) నొక్కి పట్టుకుని కిక్కర్ మెల్లగా దింపుతుంటే ముల్లు ఊగేది. అది మధ్యకి రాగానే "వచ్చింది నాన్నా" అని నేను చెప్పాలి. అప్పుడు డీకంప్రెసర్ వదిలి ఒక్క తాపు. నేను సరిగ్గా చెప్పిన రోజు మొదటి కిక్‌కే అందుకునేది. ఇప్పుడు నాన్న లేరు, బండీ లేదు.

కార్తీకంలో ఇంటికి వెళ్తున్నాను. బాబాయి కొడుకు దగ్గర 150 సీసీ బండి ఉంది. దాని మీద ఘాట్ ఎక్కాలని ఉంది. నేను సిటీలో తప్ప ఎక్కడా నడపలేదు. వీడియోలో కనిపించినట్టే ఉంటుందా? వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి?

రెండు_స్ట్రోకులు:
బ్రో, బ్రిటన్ పక్కన దీవిలో జరిగే బైక్ రేసు ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ ఉంది కదా, దాని ఆన్‌బోర్డ్ (బండి మీదే కెమెరా పెట్టి తీసిన) వీడియోలు చూశావా? చూడకపోతే ఈ రాత్రే చూడు. 60 కిలోమీటర్ల పైచిలుకు రౌండ్, అంతా మామూలు ఊరి రోడ్డే. ఇళ్ల గోడలు, కరెంటు స్తంభాలు పక్కనుంచే పోతాయి. 2023లో పీటర్ హిక్‌మన్ అనే రేసర్ ఒక రౌండ్ 16 నిమిషాల 36 సెకన్లలో కొట్టాడు. సగటున గంటకి 219 కిలోమీటర్లు! బలాఫ్ బ్రిడ్జి దగ్గర రెండు చక్రాలూ గాల్లోకి లేస్తాయి, వెనక చక్రం ముందు దిగుతుంది. వాళ్లకి స్పీడోమీటర్ చూసే తీరిక ఎక్కడిది? అంతా చెవితోనే. నువ్వు చెప్పిన ఆ చప్పుడే.

నా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ నడుస్తోంది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. దాని చప్పుడు కోసమే పొద్దున్నే పాలు నేను తెస్తాను.

నల్లమల_అక్క:
తమ్ముడూ, నాన్నగారి మాట చదివి కాసేపు ఆగిపోయాను.

నేను హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మీద ఎక్కువగా వెళ్తాను. అడవి మొదట్లో మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9కి మూస్తే పొద్దున 6కి తీస్తారు. అయిదున్నరకల్లా అక్కడికి చేరి, ఇంజన్ ఆపి, గ్లవ్స్ తీసి సైలెన్సర్ దగ్గర చేతులు వెచ్చబెట్టుకుంటూ నిలబడతాం. గేటు ఎత్తాక అడవిలోకి వెళ్తుంటే, రోడ్డు కొంచెం పల్లంలోకి దిగినచోట చలి మోకాళ్ల దగ్గర మొదలై ఛాతీ దాకా వస్తుంది. మిట్ట ఎక్కగానే వెచ్చబడుతుంది. కిలోమీటరులో నాలుగుసార్లు ఇలా. కారులో అద్దాలు వేసుకుని అదే రోడ్డు మీద ఎన్నోసార్లు వెళ్లాను, ఒక్కసారి కూడా తెలియలేదు. ఏ వీడియోలోనూ ఇది రాదు. అక్కడ పులులు తిరుగుతాయి కాబట్టి మెల్లగానే వెళ్లాలి, మెల్లగా వెళ్తేనే ఇవన్నీ తెలుస్తాయి కూడా.

అందుకే, వీడియోలో ఉన్నట్టే ఉంటుందా అంటే ఉండదు. చాలా ఎక్కువ ఉంటుంది.

విశాఖ_బుల్లెట్:
బాబూ, నేను ముప్పై ఏళ్లుగా ఆ ఘాట్ ఎక్కుతున్నాను. వీడియోలూ తీస్తాను. నువ్వు చూసింది నాది కాదులే.

ముందు కెమెరా సంగతి. వైడ్ లెన్స్ ఎత్తునంతా చదును చేసేస్తుంది. పైగా ఇప్పటి కెమెరాల్లో స్టెబిలైజేషన్ బండి ఒరిగినా హోరిజాన్‌ని వంగకుండా పట్టుకుంటుంది. అందుకే తెర మీద సులువైన వంపులా కనిపించిన మలుపు, నువ్వు వెళ్లేసరికి ఎదురుగా గోడలా లేస్తుంది. కంగారుపడకు, రోడ్డు మారలేదు. చప్పుడు బాగా వచ్చిన వీడియో అంటే ఎవరో మైకుకి స్పాంజి చుట్టి, గాలి తగలకుండా టెయిల్ లైట్ కింద కట్టుకుని, నాలుగైదుసార్లు చెడగొట్టుకుని నేర్చుకున్నారని అర్థం. వాళ్లంటే నాకు గౌరవం.

ఇక నడపడం. ముందు ఖాళీ గ్రౌండ్‌లో ఒకటి ప్రాక్టీస్ చెయ్యి. నలభై స్పీడులో ఎడమకి తిరగాలంటే ఎడమ గ్రిప్‌ని అరచేత్తో మెల్లగా ముందుకి తోయ్. బండి ఎడమకే ఒరుగుతుంది. మొదట నమ్మబుద్ధి కాదు. రోజూ చేస్తూనే ఉన్నావు, చేతికి తెలుసు, నీకు తెలియదంతే. తెలిసి చేస్తే, మలుపు అనుకున్నదానికంటే బిగుసుకున్నప్పుడు భయంతో బ్రేకు పట్టుకోకుండా ఇంకొంచెం తోస్తావు.

చూపు మలుపు చివర ఉండాలి. గొయ్యి మీద చూపు పెడితే బండి గొయ్యిలోకే వెళ్తుంది. ఎడమ మలుపుల్లో సెంటర్ లైన్ దగ్గరికి జరగకు, అవతలనుంచి బస్సు లైన్ దాటే వస్తుంది. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగిపోయే మలుపు) కనిపించగానే హారన్. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. దిగేటప్పుడు గేర్లోనే ఉండు, న్యూట్రల్ ఊసే వద్దు. వాన పడితే కొండ మీంచి ఎర్రమట్టి రోడ్డు మీదికి జారుతుంది, తారు కనిపించకపోతే స్పీడు చంపేయ్.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఒకసారి ఇంజన్ ఆపు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. కార్తీకం కాబట్టి అరకులోకి దిగాక వలిసె పూలు పసుపుపచ్చగా కనిపిస్తాయి. బండి మీద వెళ్లేవాడికి ఆగడం కూడా రావాలి.

కోట_కుర్రాడు:
వెళ్లి వచ్చాను! ఆదివారం పొద్దున అయిదింటికి బయలుదేరాను. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి బండి మలుపు తిరిగేదాకా చూసింది.

బొడ్డవర దాటాక కొండ మొదలైంది. మొదటి నాలుగు మలుపుల్లో భుజాలు బిగిసిపోయాయి. గురువుగారు చెప్పింది గుర్తొచ్చి అరచేత్తో తోశాను. బండి అంత మెత్తగా ఒరగడం నాకు మొదటిసారి తెలిసింది. అక్క చెప్పిన చలి కూడా తెలిసింది. ఓ వాగు కల్వర్టు మీద మోకాళ్ల దగ్గరే మొదలైంది.

టైడ దాటాక ఆ వీడియోలో మలుపు వచ్చింది. పిట్టగోడ చూసి గుర్తుపట్టాను. నా వేళ్లు కూడా క్లచ్ మీదికి వెళ్లాయి. ఆయన వద్దనుకున్నాడు. నాకు అంత ధైర్యం రాలేదు, మూడు నుంచి రెండుకి తగ్గించాను. డముకు వ్యూపాయింట్ దగ్గర టీ తాగుతూ, ఆ చప్పుడు ఈసారి నా బండిదే కదా అనుకున్నాను.

గురువుగారూ, ఒక సందేహం. దిగేటప్పుడు రెండో గేర్లో ఇంజన్ బాగా అరిచింది. మూడులో వేస్తే బ్రేకులు ఎక్కువ పట్టాల్సి వచ్చింది. ఏది మేలు?

విశాఖ_బుల్లెట్:
రెండే. మీటర్‌లో ఎర్ర గీత దాటనంతవరకు అరిస్తే అరవనీ, ఇంజన్‌కి ఏం కాదు. ఊళ్లో దిగాక చెయిన్‌కి ఒకసారి ఆయిల్ వేసి తమ్ముడికి ఇవ్వు.