సర్వసమీకరణంలో ‘సర్వ’ ఎందుకు?

ప్రశ్న: సైన్²తీటా + కాస్²తీటా = 1. దీన్ని మన పుస్తకాల్లో సర్వసమీకరణం అంటారు. 2కాస్²తీటా + 3సైన్ తీటా = 0 మాత్రం ఉత్త సమీకరణమే. రెండింట్లోనూ ఉన్నది అదే సమాన గుర్తు కదండీ. మరి ఆ ‘సర్వ’కు ప్రత్యేకంగా ఏమైనా పని ఉందా?

జవాబు: లెక్క నడిచేదే దాని మీదండీ. మొదటిది ఏ కోణానికైనా నిజం. రెండోది కొన్ని కోణాలకే నిజం, ఆ కొన్నీ ఏవో తేల్చమనే అడుగుతున్నారు. తీటా ఎంతో మనకింకా తెలియదు. తెలియని కోణం దగ్గర కూడా ధైర్యంగా కాస్² తీసేసి 1 − సైన్² పెట్టగలుగుతున్నాం. ఆ ధైర్యం ఇచ్చేది ‘సర్వ’ అన్న ముక్కే.

పెట్టి చూడండి: 2(1 − సైన్²తీటా) + 3సైన్ తీటా = 0. ఇప్పుడు కాస్ మాటే లేదు. సైన్ తీటాను ‘య’ అనుకుంటే 2య² − 3య − 2 = 0, అంటే (2య + 1)(య − 2) = 0. య విలువ −1/2 గానీ 2 గానీ కావాలి. 2 కుదరదు. −1/2 నుంచి 210°, 330° వస్తాయి, వాటికి 360° చొప్పున ఎన్నిసార్లు కలిపినా, తీసేసినా సరే.

ప్రశ్న: 2 ఎందుకు కుదరదో పిల్లలకు ‘సైన్ ఒకటి దాటదు’ అని చెప్పి వదిలేస్తున్నాం. మన పాత మాటల్లో దీనికి ఆధారం ఏమైనా ఉందా?

జవాబు: చక్కగా ఉంది. సైన్‌కు పాత పేరు జ్య, అంటే వింటినారి. కాస్ కోటిజ్య. వ్యాసార్ధాన్ని త్రిజ్య అన్నారు. మూడు రాశులంటే 90°, ఆ మూడు రాశుల జ్య కాబట్టి త్రిజ్య. జ్య పెరిగి పెరిగి 90° దగ్గర వ్యాసార్ధంతో సమానమవుతుంది, అక్కణ్ణుంచి తగ్గుతుంది. దాని హద్దు ఆ పేరులోనే కనిపిస్తోంది చూడండి! క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని జ్యల పట్టికకు త్రిజ్య 3438 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). అందులో 30° జ్య 1719, సరిగ్గా సగం. ఆ లెక్కన మన సూత్రం జ్య² + కోటిజ్య² = త్రిజ్య². కుడివైపున్న 1 మనం త్రిజ్యను 1గా తీసుకున్నందువల్ల వచ్చింది. కాబట్టి సైన్ 2 అనడమంటే జ్య త్రిజ్యకు రెట్టింపు అనడమే.

ఇంకొకరు: సైన్ తీటా + కాస్ తీటా = 1 కూ ఇదే దారా?

జవాబు: దారి ఇదే, కానీ ఇక్కడ జాగ్రత్త కావాలి. ఇరువైపులా వర్గం చేస్తే ఎడమవైపు సైన్² + కాస్² కలిసి 1 అవుతుంది, కుడివైపు 1తో అది కొట్టేసుకుపోతుంది. మిగిలేది 2సైన్ తీటా కాస్ తీటా = 0. ఒక చుట్టులో 0°, 90°, 180°, 270° వస్తాయి. వీటిని అలాగే రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే 180°, 270° దగ్గర మొత్తం −1 వస్తుంది. వర్గం చేయగానే −1 కూడా 1 అయిపోతుంది కనుక అవి దూరాయి. తప్పు సర్వసమీకరణానిది కాదు, అది నాలుగు కోణాలకూ నిజమే. వర్గం చేసినప్పుడు గుర్తు పోయింది, అంతే. జవాబు 0°, 90° మాత్రమే.