మేకల ఫామ్ నష్టం: బావగారి దగ్గర తెచ్చిన అప్పు 'ఎట్ రిస్క్' కిందికి వస్తుందా?

టెక్సాస్‌లో మేమూ అక్కావాళ్ళూ భాగస్వాములుగా చిన్న మేకల ఫామ్ నడుపుతున్నాం. నిరుడు దాణా, కంచె ఖర్చులకే వచ్చిందంతా పోయింది. కే-1లో (భాగస్వామి లాభనష్టాల వాటా చూపే అమెరికా పన్ను పత్రం) నా వాటా నష్టం చూసి ఫారం 6198 తీశాను. 'ఎట్ రిస్క్', అంటే మనం నిజంగా పోగొట్టుకోగల సొమ్ము, ఎంతో లెక్కేసి ఆ మేరకే నష్టాన్ని పన్నులో చూపనిచ్చే ఫారం అది. అక్కడే బుర్ర తిరిగింది.

నా చేతి డబ్బు, సొంత పూచీ మీద తెచ్చిన బ్యాంకు అప్పు లెక్కలోకి వస్తాయి, సరే. ట్రాక్టర్ అప్పుకు ట్రాక్టరే తాకట్టు. కట్టకపోతే దాన్ని పట్టుకుపోతారు తప్ప నా జోలికి రారు. కాబట్టి అది రాదు.

అసలు చిక్కు, నా వాటా పెట్టుబడికని బావగారిచ్చిన అప్పు. నోటు రాశాను, వడ్డీ కడుతున్నాను (అక్క వద్దంటున్నా సరే!). కానీ ఆయనకూ ఫామ్‌లో వాటా ఉంది. ఈ 'ఎట్ రిస్క్' నియమం ఉన్న పన్ను చట్టం సెక్షన్ 465 ప్రకారం దాన్ని కలపొచ్చా? కలపకూడదంటే, మిగిలిన నష్టాన్ని వచ్చే ఏడాదికి ఎలా చూపించాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.